మార్గశిర లక్ష్మివారము: తల్లీకూతుళ్ళ పట్నయాత్ర

శ్రీకాకుళము, విజయనగరము, పార్వతీపురము, అనకాపల్లి ప్రాంతముల పల్లెలనుండి మార్గశిరమాసములో తల్లియు కూతురును కలిసి, మగవారి తోడు లేకుండ విశాఖపట్టణమునకు వచ్చి, బురుజుపేటలోని కనకమహాలక్ష్మిని సేవించి, పూర్ణా మార్కెట్టులో పెద్దపండుగకు కావలసిన సరకులు కొని, సముద్రపుటొడ్డున కొంతసేపు కూర్చుండి, సందెవేళకు ద్వారకానగర్‌లోని ఆర్టీసీ కాంప్లెక్సు చేరి మరల ఊరి బస్సు ఎక్కు ఆచారమొకటి ఉత్తరాంధ్రమున చాలకాలముగ నెలకొనియున్నది. దీనిని కొందఱు భక్తి యందురు. కొందఱు బేరసారము లందురు. ఈ కాలపువారు విహారయాత్ర యందురు. నాకు తోచినంతవఱకు ఇది మన ప్రాంతపు గృహిణులు ఒకరి యనుమతికై చేయి చాపనక్కఱలేకుండ తమకై తాము సంపాదించుకొన్న మొదటి ప్రయాణము. దానికి వ్రతము కారణమైనది, పంట ఖర్చు పెట్టినది, రైలును బస్సును దారి చూపినవి.

మొదట వ్రతమును గూర్చి చెప్పవలెను. మార్గశిరమున వచ్చు ప్రతి లక్ష్మివారమును, అనగా గురువారమును, స్త్రీలు తెల్లవారుజామున లేచి, ఇల్లు అలికి, బియ్యపుపిండితో ముగ్గులు తీర్చి, లక్ష్మీదేవిని నిలిపి పూజింతురు. మొదటి వారమున పులగము, రెండవ వారమున అట్లును తిమ్మనమును, మూడవ వారమున అప్పములును పరమాన్నమును, నాల్గవ వారమున చిత్రాన్నమును గారెలును, అయిదవ వారమున పూర్ణపుబూరెలును నైవేద్యము. మాసములో నాలుగే లక్ష్మివారములు పడినచో పుష్యమాసపు తొలి లక్ష్మివారముతో లెక్క పూర్తిచేయుదురు. పూజ ముగియు వఱకు తలకు నూనె రాయరాదు, దువ్వెన పట్టరాదు, చద్దియన్నము ముట్టరాదు.

ఈ నియమములన్నింటికిని ఆధారమైన వ్రతకథ కేవలము ఒక తల్లికిని కూతురికిని సంబంధించినది. సవతితల్లి చేతిలో పెరిగిన పిల్ల, తమ్ముని ఆడించినందుకు దొరకిన బెల్లపుముక్కను తాను తినక మట్టితో చేసికొన్న లక్ష్మి బొమ్మకు నైవేద్యము పెట్టుచుండెను. అత్తవారింటికి పోవునపుడు ఆ బొమ్మను వెంట తీసికొని పోగా పుట్టింటి కలిమి ఆమెతోనే తరలిపోయెను. తరువాత దరిద్రము పాలై తన గుమ్మము త్రొక్కిన తల్లిని ఆ కూతురు దూరము చేయక, ఆమె చేత వ్రతము చేయింపబూనెను. కాని ఒక వారము తల్లి పిల్లలకు చద్దియన్నము పెట్టుచు తానును ఒక ముద్ద నోట వేసికొనెను. మఱొక వారము పిల్లల తలలకు నూనె రాయుచు తన తలకును రాచుకొనెను. ఇట్లు వారమునకొక పొరపాటు జరిగి వ్రతము చెడుచుండగా, కడపటి లక్ష్మివారమున కూతురు తల్లికొంగును తనకొంగుతో ముడివైచి, తెల్లవారినది మొదలు ప్రొద్దుక్రుంకు వఱకు ఒక్క క్షణమైనను ఆమెను ఎడబాయక, వెంట త్రిప్పుకొని వ్రతము గట్టెక్కించెను. కథలో పాఠభేదములు పెక్కు కలవు గాని, ఈ కొంగుముడి దానికి ప్రాణము. సాధారణముగ వ్రతకథలలో తల్లి కూతురికి బుద్ధి చెప్పును. ఇందు కూతురు తల్లికి దారి చూపినది, అదియును ఓర్పుతో, తప్పులెన్నక చూపినది. ఏడాదికొక నెల ఈ కథను విని అక్షింతలు తలపై వేసికొను స్త్రీలకు, తల్లీకూతుళ్ళు ఒక దినమంతయు కలిసి గడుపుటయే పుణ్యమను భావము మనస్సులో నాటుకొనుటలో వింత లేదు.

ఒరియా దేశముతో మనకు గల ఇరుగుపొరుగు సంబంధము కూడ ఇందు కనబడుచున్నది. ఆ దేశమునను మార్గశిర గురువారములలో లక్ష్మీపూజ ఇంటింటను జరుగును. బలరామదాసు రచించిన లక్ష్మీపురాణములో జగన్నాథుని రాణియైన లక్ష్మి అట్టి గురువారమున ఆలయము విడిచి ఊరు చూడ బయలుదేరి, అంటరానిదిగా నెంచబడిన శ్రియ యను భక్తురాలి ఇంట అడుగిడును. దానికై జగన్నాథుని అన్నగారైన బలభద్రుడు ఆమెను వెడలగొట్టింపగా, అన్నదమ్ములిద్దఱును అన్నము పుట్టక అలమటించి చివరకు ఆమె మాటకు తలయొగ్గుదురు. పదునాఱవ శతాబ్దపు ఈ కావ్యమును మన ఉత్తరాంధ్ర స్త్రీలు చదివిరనను. అయినను సాక్షాత్తు లక్ష్మీదేవియే మార్గశిర లక్ష్మివారమున గడపదాటి తిరిగివచ్చినదను విశ్వాసము సరిహద్దునకు ఇరువైపుల వ్యాపించియుండగా, ఆనాడు గడపదాటు ఆడుదానిని వలదనువారు తక్కువగుట సహజమే గదా.

ఇక బురుజుపేట అమ్మవారు. 1912లో అచటి బావిలో విగ్రహము దొరకినదనియు, 1917లో పురపాలకులు త్రోవ వెడల్పు చేయుటకు ఆ విగ్రహమును కదలింపగా ఊరిలో ప్లేగు చెలరేగి, మరల యథాస్థానమున నిలిపినంతనే శమించినదనియు స్థలచరిత్ర చెప్పుచున్నది. 1896 నుండియు ప్లేగు మన దేశమును పీడించుచునే యుండెనన్న సంగతి చరిత్ర చదివినవారికి తెలియును; అంతమాత్రమున ఆనాటి విశాఖ ప్రజలు అనుభవించిన భయమును, ఆ భయము తీరినపుడు కలిగిన కృతజ్ఞతను తేలికగ చూడరాదు. ఈ గుడికి ఒక విశేషము కలదు. అమ్మవారికి పైకప్పు లేదు. ఎండకును వానకును మంచుకును ఆమె ఆరుబయటనే యుండును. అంతకంటె ముఖ్యమైనది, ఆమెకును భక్తులకును నడుమ అడ్డు లేదు. కులభేదము లేకుండ ఎవరికి వారే పసుపునీళ్ళు పోసి, పాలు పోసి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, తమ చేతులతో పూజ చేసికొందురు. గర్భాలయపు ద్వారము వెలుపల నిలిచి, పూజారి చేతి హారతిని దూరమునుండి కన్నులకద్దుకొనుటకే అలవాటుపడిన పల్లెటూరి స్త్రీకి, తన అరచేయిని అమ్మవారి చెక్కిలిపై నుంచి పసుపు పూయగలుగుట ఎట్టి భాగ్యమో ఊహింపవచ్చును. మార్గశిర లక్ష్మివారములలో అర్ధరాత్రి దాటినది మొదలు ఆ ఇఱుకు వీధులలో ఆడువారి బారులు సాగును. వరుసలో నిలిచిన ప్రతి చేతిలోను ఒక చెంబు, చెంబులో పచ్చని పసుపునీరు, దానిపై అరచేయి మూత. చలిగాలికి చేతులు కొంకర్లు పోవుచున్నను ఒక్క చుక్కయు నేలపాలు కానీయక అట్లే నిలుతురు.

ఇట్లు రాగలుగుటకు పూర్వము దారి యేది? 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి మరుసటి యేడు మరలివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తల్లిని, భార్యను వెంటబెట్టుకొని, బోయీలతోను పరివారముతోను పల్లకీలపై ప్రయాణము చేసిరి. తిరుగుదారిలో ఈ కళింగతీరము మీదుగనే నడచిరి. కలిగిన యింటి స్త్రీకే ప్రయాణమనగా మగవాని సంకల్పమును, మగవారి కావలియును అవసరమైన కాలమది. సామాన్యురాలికి ఎడ్లబండియే గతి. వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని దాటి పట్నము చేరుటకు దినములు పట్టును. అంత కాలము ఇల్లు విడిచి ఆలి ఒంటరిగ పోవుటను అంగీకరించు మగడు కనబడుట యరుదు.

1893 మొదలు 1896 వఱకు బెజవాడకును కటకమునకును నడుమ తూర్పుతీర రైలుమార్గము దశలవారీగ తెఱవబడెను. చికాకోల్ (శ్రీకాకుళము) రోడ్డు, విజయనగరము, వాల్తేరు స్టేషనులు ఆ దారిలోనివే. తరువాత విజయనగరమునుండి పార్వతీపురము వఱకు కొమ్మ సాగి, 1931 నాటికి అది రాయపూరును చేరెను. రైలును గూర్చి చెప్పువారందఱును ఇనుపపట్టాలను, వంతెనలను వర్ణింతురు గాని, నా దృష్టిలో తల్లీకూతుళ్ళ ప్రయాణమునకు అంతకంటె మేలు చేసినది ఒక చట్టములోని చిన్న విధి. 1890 నాటి రైల్వే చట్టపు 64వ సెక్షను, 1891 జనవరి 1 మొదలుకొని ప్రతి ప్రయాణికుల బండిలోను అతితక్కువ తరగతిలో కనీసము ఒక పెట్టెగదిని స్త్రీలకే ప్రత్యేకింపవలెననియు, బండి యేబది మైళ్ళకు మించి పోవునదైనచో ఆ గదికి మరుగుదొడ్డి యుండవలెననియు శాసించెను. మన తీరమున రైలు నడచునప్పటికే ఆ నియమము అమలులో నుండెను. అనగా మన యమ్మమ్మల యమ్మమ్మలు ఎక్కిన తొలి రైలుబండిలోనే వారికొక గది కలదు. దాని తలుపు మూసికొన్న పిదప లోపల ముసుగు తొలగించి మాటలాడుకొనవచ్చును, చంటిపిల్లకు పాలీయవచ్చును, క్రొత్తవారితో చుట్టరికము కలుపుకొనవచ్చును. విజయనగరమునుండి వాల్తేరునకు నలుబది మైళ్ళకు లోపే. ఉదయము పోయి రాత్రికి ఇల్లు చేరవచ్చునన్న ధైర్యము ఆ దూరమునుండి పుట్టినది.

వ్రతమునకు తోడు మఱొక కారణము కూడ తల్లిని కూతురిని పట్నమునకు రప్పించినది. తొలికానుపు పుట్టింట జరుగుట మన ఆచారము. కానుపు కష్టమైనచో పట్నపు ఆసుపత్రియే శరణ్యము. పాతనగరములోని విక్టోరియా ఆసుపత్రిని నేటికిని జనులు ఘోషాసుపత్రి యనియే పిలుతురు. పరదాలోని స్త్రీలకై వెలసినది గనుక ఆ పేరు నిలిచెను. 1923లో కింగ్ జార్జి ఆసుపత్రియు వచ్చెను. నిండు చూలాలైన కూతురిని పట్టుకొని బెదరుచూపులతో వచ్చిన తల్లి, పురుడు పోసికొని తిరిగిపోవునపుడు పొత్తిళ్ళలోని పసిగ్రుడ్డును బురుజుపేట అమ్మవారి పాదములకడ పరుండబెట్టి మ్రొక్కును. ఈ వాడుక నేటికిని చెక్కుచెదరలేదు. ఒకసారి ప్రాణభయముతో చూచిన పట్నమును మరుసటి మార్గశిరమున మ్రొక్కు తీర్చుకొనుటకై నిబ్బరముగ చూడ వచ్చుట సహజపరిణామము. ఆ రెండవ రాకలోనే కన్నులు విప్పి అంగళ్ళను, సముద్రమును చూచిరనుకొనవలెను.

పట్నము కూడ అప్పటికి పెరుగుచుండెను. 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరు మెట్టకు వచ్చెను. 1933 డిసెంబరులో విల్లింగ్డన్ ప్రభువు నౌకాశ్రయమునకు ప్రారంభోత్సవము చేసెను. 1938లో సముద్రతీరమున రామకృష్ణాశ్రమము వెలసి, ఆ యిసుకతీరమునకే తన పేరు నిచ్చెను. కోట, బురుజుపేట, కురుపాం మార్కెట్టు అను పాతనగరమొకవైపును, వాల్తేరు మెట్ట మఱొకవైపును వేర్వేరు ఊళ్ళవలె నుండగా, రెంటి నడుమ క్రమక్రమముగ క్రొత్త పేటలు లేచినవి. అట్లు లేచినవానిలో ద్వారకానగర్ ఒకటి. 1958 జనవరి 11న రాష్ట్ర రోడ్డురవాణా సంస్థ ఏర్పడిన తరువాత, కాలక్రమమున నగరపు ప్రధాన బస్టాండు ఇచటనే అమరుటతో, పల్లెనుండి వచ్చువారికి పట్నపు సింహద్వారము రైలుస్టేషనునుండి ఇచటికి జరిగినది. బస్సు రైలు చేయలేని పని చేసెను: స్టేషను లేని ఊరి రచ్చచెట్టు క్రిందికే వచ్చి తల్లిని కూతురిని ఎక్కించుకొనెను. పాలకొండ, రాజాం, చీపురుపల్లి, సాలూరు బోర్డులు పెట్టుకొన్న బస్సులు తెల్లవారకముందే కాంప్లెక్సులో ప్రవేశించుట మార్గశిరమున చూడవలసిన దృశ్యము.

ఒక లక్ష్మివారపు సాయంకాలము ఆ కాంప్లెక్సు సిమెంటు బల్లపై నా ప్రక్కన ఒక తల్లియు కూతురును కూర్చుండిరి. తల్లి నుదుట కుంకుమ చెదరి ముక్కు వఱకు జారియున్నది; అరచేతుల గీతలలో పసుపు నిలిచియున్నది. కూతురు స్టీలు కారియరు విప్పి, అడుగుగిన్నెలోని పులగమును మూతలో పెట్టి తల్లికిచ్చి, తాను సంచి తెఱచి కొన్నవన్నియు ఒక్కొక్కటిగ లెక్క చూచుకొనుచుండెను: రెండు డజనుల మట్టిగాజులు వార్తాపత్రికలో చుట్టినవి, తండ్రికి పంచెలచాపు, ఒక జాకెట్టుగుడ్డ. “బస్సు దాటిపోద్దే అమ్మీ” అని తల్లి మాటిమాటికి ప్లాటుఫారము వైపు చూచుచుండెను. “ఇంకో బస్సుంటాది గదే అమ్మా, సముద్రం సూసే ఎల్దుం” అని కూతురు నవ్వెను. చివరకు ఇద్దఱును లేచి, కారియరు మూసికొని, సిటీబస్సులు నిలుచు వైపునకు నడచిరి. తల్లి కొంగుచెఱగు కూతురి పిడికిలిలో నుండెను. కొండదాపు ఊళ్ళలో పుట్టి పెరిగినవారికి సముద్రమనునది పేరు విన్నదే గాని కంటికి దూరమైనది. ఆ యొక్క చూపుకొఱకు ఒక బస్సు వదలుకొనుట వారికి నష్టము కాదు.

కొనుగోళ్ళలోను ఒక క్రమమున్నది. బంగారమునకు కురుపాం మార్కెట్టు, పచారు సామానులకు పూర్ణా మార్కెట్టు, సినిమా చూడవలెనన్నచో 1970లో వెలసిన జగదాంబ థియేటరు. ఆ కూడలికి ఆ హాలు పేరే స్థిరపడినది. అనకాపల్లి సంతకు క్రొత్త బెల్లము వచ్చు కాలము కూడ ఇంచుమించు ఇదియే గనుక, కడపటి వారపు బూరెలకును పండుగ అరిసెలకును బెల్లపుదిమ్మ సంచిలో చేరును. వరికోతల కూలిడబ్బు, పాలడబ్బు, పోపులపెట్టెలో దాచిన చిల్లర, ఇవి ఈ యాత్రకు మూలధనము. ఇచట ఒక సత్యము చెప్పవలెను. మార్గశిరము కోతలకాలము, కూలికి పోవు స్త్రీకి ఒక దినము మానుట ఒక దినపు కూడు మానుట. కావున తొలుత ఈ యాత్ర తీరికయు కలిమియు గల యిండ్లవారిది. మిగిలినవారికి అది అబ్బుటకు తరములు పట్టినది.

ఆ నెల పట్నమున హిందూస్త్రీలకే పరిమితమైనదియు కాదు. నౌకాశ్రయపు అంచున వరుసగ నిలిచిన మూడు కొండలలో ఒకదానిపై వేంకటేశ్వరుడు, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత కొలువుండుట అందఱెఱిగినదే. రాస్ కొండపై కన్యకామాత పండుగ డిసెంబరు 8న వచ్చును. పసుపుచేతులతో బురుజుపేటనుండి వచ్చు తల్లీకూతుళ్ళును, కొవ్వొత్తులు పట్టుకొని కొండ యెక్కు తల్లీకూతుళ్ళును ఒకే రోడ్డున ఎదురుపడుట నేను చూచితిని.

1971 నాటి మార్గశిరమును మాత్రము విశాఖవారు మఱవలేరు. డిసెంబరు 2 లక్ష్మివారము, నాడే పౌర్ణమి. మరునాటి రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ హార్బరు వెలుపల మునిగిపోయెను. రాత్రులందు దీపములు ఆర్పివేసిన ఆ దినములలో తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ ఆసీల్మెట్టలోని సంపత్ వినాయకునికి వేయిన్నొక్క కొబ్బరికాయలు కొట్టించెనని నగరమంతయు చెప్పుకొనును; ఆ గుడి కాంప్లెక్సునకు కూతవేటు దూరముననే యున్నది. డిసెంబరు 16న ఢాకాలో శత్రుసేన లొంగిపోయిన దినము ఆ మాసపు కడపటి లక్ష్మివారము. నేటి తల్లీకూతుళ్ళు బీచిరోడ్డున 1996 నాటి విజయస్తూపమును, 2002నుండి ప్రదర్శనశాలగ మారిన కురుసుర జలాంతర్గామిని చూచి పోవుచున్నారు. వారి పట్నయాత్రలో చరిత్రపాఠము ఇట్లు వచ్చి చేరినది.

ద్వారకానగర్ ఇప్పుడు మఱొక రూపు దాల్చినది. దాని వీధులలో పోటీపరీక్షల శిక్షణాలయములు, వసతిగృహములు, పుస్తకాల దుకాణములు నిండినవి. కూతురు ఇచటనే యుండి చదువుచున్నది. తల్లి ఊరినుండి వచ్చుచున్నది. వెనుకటికి తల్లి చేయిపట్టి కూతురికి పట్నము చూపెను. నేడు ఏ బస్సెక్కవలెనో, ఏ దుకాణములో ధర సరసమో, రోడ్డెచట దాటవలెనో కూతురు చెప్పగా తల్లి వినుచున్నది. వ్రతకథలోని కూతురు చేసిన పనియే యిది. 2025 ఆగస్టు 15నుండి రాష్ట్రములో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సులలో టిక్కెట్టు రుసుము లేకుండుటతో, కోతకూలి చేసికొను తల్లికి కూడ దారిఖర్చు అడ్డు తొలగినది. 1890 నాటి చట్టము ఒక గది యిచ్చినది. ఇది దారినే ఇచ్చినది. ఈ రెంటిని నేనొకే త్రాసులో తూచెదను.

ఇంతటి యాచారమును మన గ్రంథములు ఎట్లు చూచినవి? 1869లో కార్మైకేలు విశాఖపట్టణపు జిల్లా మాన్యువలు రచించెను. 1907లో ఫ్రాన్సిస్ గెజెటీరు వెలువరించెను. భూమిశిస్తులు, జమీందారీలు, ఓడరేవులు, కొండజాతులు వారికి ప్రధానములు. చెంబులో పసుపునీరు పట్టుకొని రైలెక్కిన స్త్రీ వారి కలమునకు అందలేదు. వారిని నిందించి లాభము లేదు. ఆ ప్రయాణములు చేసినవారు వ్రాసికొనలేదు. వ్రాయగలిగిన మగవారు వెంట పోలేదు.

కాని నేటికిని మన యిండ్లలో డెబ్బది, ఎనుబది యేండ్లు దాటిన తల్లులు ఉన్నారు. వారిలో అనేకులు మార్గశిరమున తమ తల్లితో తొలిసారి పట్నము వచ్చిన దినమును తేదీ చెప్పలేకున్నను, కట్టిన చీర రంగుతో, తిన్న ఫలహారముతో, తప్పిపోయిన బస్సుతో సహా చెప్పగలరు. వచ్చు లక్ష్మివారమున పూజ ముగిసిన పిదప మీ తల్లిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడుగుడు: ఏ స్టేషనులో ఎక్కితిరి, ఎవరు అడ్డుపడిరి, ఎంత డబ్బు తెచ్చితిరి, ఏమి కొంటిరి, సముద్రము చూచినపుడు అమ్మమ్మ ఏమన్నది? చెప్పినది చెప్పినట్లు, ఆమె యాసలోనే, ఒక నోటుపుస్తకములో వ్రాయుడు. ద్వారకానగర్‌లోనే విశాఖపట్టణ పౌరగ్రంథాలయమున్నది. అట్టి పుస్తకములు పది చేరినను ఉత్తరాంధ్ర స్త్రీల చరిత్రకు ఒక అర అచట ఏర్పడును.